బంగారములో లక్ష్మి, బంగారములో కలి

శ్రీసూక్తము లక్ష్మీదేవిని బంగారు వన్నెగల తల్లిగా, బంగారు వెండి మాలలు దాల్చిన తల్లిగా ఆరంభమునందే ఆహ్వానించినది. శ్రీవైష్ణవ గృహములలో శుక్రవారపు పూజవేళ వినబడు మాట ఇది. శ్రీమద్భాగవత ప్రథమస్కంధములో వేరొక మాట కలదు. ధర్మమూర్తియైన వృషభమును హింసించుచున్న కలిని పరీక్షిన్మహారాజు పట్టి చంపబోయెను. కలి పాదములపై బడి, తానుండుటకు చోటు చూపుమని ప్రార్థించెను. జూదము, మద్యపానము, స్త్రీలోలత్వము, ప్రాణిహింస అను నాలుగు చోట్లను రాజు చూపెను. కలి యింకను వేడుకొనగా బంగారమును గూడ ఇచ్చెను. దాని వెంట అసత్యము, మదము, కామము, రజోగుణము, వైరము అను ఐదును కలి వశమైనవి. ఆ పిమ్మట పరీక్షిత్తు ధరించిన కిరీటములోని బంగారమునందే కలి చేరి, ఆ పుణ్యాత్మునిచేత ముని మెడలో మృతసర్పమును వేయించెనని పౌరాణికులు చెప్పుదురు.

ఒకే లోహము తల్లికి వర్ణమైనది, కలికి నివాసమైనది. ఇది ఎట్లు పొసగును? ఒక ఇంటి బంగారములో లక్ష్మి యున్నదో కలి యున్నదో తెలియుట ఎట్లు?

ఈ ప్రశ్న పండితగోష్ఠులకు మాత్రమే పరిమితమైనది కాదు. పంట పెట్టుబడికో, వైద్యమునకో, బిడ్డ చదువునకో ఒంటిమీది నగ తీయవలసివచ్చిన ప్రతి ఇల్లాలి మనస్సులోను ఇదే ప్రశ్న మరియొక రూపమున నిలుచును. బంగారము అమ్ముకొన్న ఇంట లక్ష్మి నిలుచునా? ఆ నగతోపాటు ఇంటి మంగళము కూడ గడప దాటిపోవునా?

ఆర్మూరు ప్రాంతపు గృహము

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపు పంటకు పేరుగాంచిన పట్టణము. నవనాథ సిద్ధుల గుట్ట ఆ ఊరికి గుర్తు. భీంగల్ సమీపమునగల లింబాద్రిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆ ప్రాంతపు వైష్ణవ గృహములకు కొంగుబంగారము. తొలకరికి అచటి పల్లెలలో విత్తన పసుపు నాటుదురు. ఎనిమిది తొమ్మిది మాసములు ఆ పంట భూమిలోనే యుండును. సంక్రాంతి దాటిన పిదప త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పెట్టి, కొమ్మును మండను వేరుచేసి నిజామాబాదు మార్కెట్ యార్డునకు తరలింతురు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనదనిన ఈ నేలకును ఈ పంటకును గల సంబంధమెట్టిదో తెలియును.

పసుపు అమ్మిన చేతితోనే రైతు బంగారము కొనును. మరుసటి యేడు పసుపు నాటుటకు చేతిలో సొమ్ము లేనినాడు ఆ బంగారమునే కుదువబెట్టును, లేదా అమ్మును. అక్కడి గృహములలో పసుపు బంగారముగా మారుట, బంగారము పసుపుగా మారుట రెండును ఉన్నవి.

అట్టి యొక గృహమును భావింతము. జ్యేష్ఠమాసము. దుక్కి సిద్ధమైనది. విత్తనమునకు, ఎరువులకు డబ్బు లేదు. గడచిన యేడు పంట సొమ్ము ఇంటి పెద్ద వైద్యమునకు ఖర్చైనది. మిగిలినది కోడలి మెడలోని పుస్తెలతాడు. దానిని తీసి యిచ్చుటకు ఆమె చేతులు రావు. కన్నీరు పెట్టుకొన్నది. అత్తగారు దేవుని యరలోనుండి ఒక పసుపుకొమ్ము తెచ్చి, పసుపు పూసిన దారమునకు కట్టి, ఆమె చేతికిచ్చి ఇట్లనును: "పుస్తె పోలే బిడ్డా, పని మీద పోయింది. పసుపుకొమ్ము కట్టుకో. మంగళం ఎటూ పోదు."

ఈ మాటలో శాస్త్రార్థము ఇమిడియున్నది. మంగళసూత్రములో సూత్రమనగా దారము. ఆ దారమునకు పసుపు పూయుట, భర్త చేత ముడి వేయించుట, పెద్దల ఆశీస్సులు అందుట, ఇవియే దానిని మంగళకరము చేయునవి. దానికి చేరిన బంగారము గృహస్థుని శక్తికొలది చేరినది. శక్తి తగ్గినపుడు బంగారము తొలగవచ్చును, ముడి తొలగదు. శ్రీవైష్ణవుల తిరుమాంగల్యముపై శంఖచక్రములో, తిరునామమో ముద్రితమై యుండును. ఆ చిహ్నములకు మ్రొక్కునపుడు నాలుగు గ్రాముల బిళ్ళయా, పది గ్రాముల బిళ్ళయా యని ఎవరును చూడరు.

తెలుగువారి ప్రతి యింటను తెలిసిన తులాభారగాథ చెప్పునదియు ఇదియే. సత్యభామ తన నగలన్నియు తక్కెడలో నింపినను శ్రీకృష్ణుడు తూగలేదు. రుక్మిణి భక్తితో ఉంచిన ఒక్క తులసీదళమునకు తూగినాడు. ఆ కథలో నగలు నకిలీవి కావు, తక్కెడ దొంగది కాదు. "ఇది నాది, దీనితో స్వామిని నావానిగా చేసికొందును" అను భావము మాత్రమే తూకమునకు చాలలేదు.

వన్నె తెలియుట

అట్లని బంగారము విషయమున అజాగ్రత్త భక్తికి లక్షణము కాదు. కలికి దక్కిన ఐదింటిలో మొదటిది అసత్యము. కనుక బంగారమును గూర్చిన మొదటి ధర్మము సత్యము నెరుగుట. తన యింటనున్న దాని వన్నె యెంతో, బరువెంతో తెలియని గృహస్థు మోసపోవును. ఒక్కొకప్పుడు తెలియకయే మోసగించును.

మేలిమి బంగారము 24 క్యారెట్లు. అది మిక్కిలి మెత్తనిది. దానితో చేసిన నగ వంగును, అరుగును. అందువలన దానిలో రాగి, వెండి కలుపుదురు. 24 పాళ్ళలో 22 పాళ్ళు బంగారమైనచో అది 22 క్యారెట్ల నగ. దానిపై 916 అను అంకె యుండును. 18 క్యారెట్లకు గుర్తు 750. పూర్వము ఔసలి ఒరగల్లుపై నగను గీచి, ఆ గీతను వన్నె తెలిసిన బంగారపు గీతతో పోల్చి నిర్ణయించెడివాడు. నేడు కిరణములతో వన్నె చూపు యంత్రములున్నవి. అవి పైపొరను చూపునే గాని, లోపల నిండిన లక్కను, వేరొక లోహమును చూపలేవు. కరిగించి చూచిన గాని పూర్తి నిజము బయటపడదు.

మన దేశములో బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర 2000 సంవత్సరములో ఆరంభమైనది. 2021 జూన్ నుండి దశలవారీగా వివిధ జిల్లాలలో నిర్బంధమైనది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆ నగలపై మూడు గుర్తులుండవలెను: భారతీయ ప్రమాణాల సంస్థ వారి త్రికోణపు చిహ్నము, వన్నెను తెలుపు అంకె, అక్షరములు అంకెలు కలిసిన ఆరు స్థానముల ప్రత్యేక సంఖ్య. ఆ సంఖ్యను ఆ సంస్థ వారి ఫోను యాప్‌లో సరిచూచుకొనవచ్చును. ముద్రలో చెప్పిన వన్నెకన్న నగ తక్కువైనచో, ఆ లోటు విలువకు రెట్టింపును, పరీక్ష ఖర్చును కొన్నవారికి చెల్లించవలెనని నియమమున్నది. అమ్మమ్మల నాటి ముద్రలేని నగను అమ్ముటకు గృహస్థులకు నిషేధము లేదు. పరీక్షా కేంద్రములో రుసుము చెల్లించి దాని వన్నెను ముందే తెలిసికొనుట మేలు.

కాపాడుట

బంగారము త్రుప్పు పట్టదు. దానికి హాని చేయునవి రాపిడి, పాదరసము, తీవ్రమైన రసాయనములు. పాదరసము తగిలిన చోట బంగారము తెల్లబడి పెళుసగును. ముత్యములను పులుపు తినివేయును. లక్క నింపిన నగ వేడికి చెడును. వెండి నల్లబడుటకు గాలిలోని గంధకము కారణము. అది ఇంటికి కీడు కాదు, లోహ స్వభావము. గోరువెచ్చని నీటిలో కుంకుడు రసముతో మెల్లగా కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్క నగను వేరువేరు మెత్తని గుడ్డలో చుట్టి దాచుట చాలును. మెరుగుపెట్టుదుమని వీధిలో వచ్చు అపరిచితుల చేతికి ఇచ్చిన నగ మెరయును గాని తరుగును. బంగారమును కరిగించు ద్రావకము వారి పాత్రలో నుండవచ్చును.

నగల పెట్టెకన్న ముఖ్యమైనది నగల లెక్క. ఏ నగ ఎప్పుడు చేయించినది, ఎవరు పెట్టినది, రాళ్ళు తీసివేయగా బరువెంత, ఇది యొక పుస్తకములో వ్రాసియుంచిన ఇంట అన్నదమ్ముల నడుమ, అత్తాకోడళ్ళ నడుమ వైరమునకు చోటు తగ్గును. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరిలో తొలిసారి తిరుమలేశుని దర్శించి రత్నకిరీటము సమర్పించినపుడు అది శిలపై లిఖితమైనది. చక్రవర్తి ఇచ్చినది, భగవంతుడు పుచ్చుకొన్నది కూడ లెక్కకెక్కినది. మన ఇండ్లలోని పది తులముల లెక్క వ్రాయుటకు సంకోచమెందులకు?

ఎవరి సొత్తు?

ఆర్మూరు ప్రాంతపు ఆ గృహమునకు మరల వత్తము. ఆ పుస్తెలతాడు తీయుమని అడుగుటకు భర్తకు అధికారమున్నదా?

పుట్టినింటివారు, అగ్నిసాక్షిగా బంధువులు, ప్రీతితో భర్త ఇచ్చినవి స్త్రీధనమని స్మృతులు చెప్పుచున్నవి. కరవు వచ్చినపుడు, ధర్మకార్యము నడుపవలసినపుడు, రోగము కలిగినపుడు, బంధనములో చిక్కినపుడు భర్త ఆ ధనమును వాడుకొన్నచో తిరిగి ఈయనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి సడలింపు నిచ్చినది. ఆ నాలుగును ఆపదలే; విలాసమునకు, పంతమునకు, జూదమునకు అందులో చోటు లేదు. 1985లో సుప్రీంకోర్టు స్త్రీధనము స్త్రీకే పూర్తిగా చెందిన సొత్తని తీర్పు నిచ్చినది. 2024లో మరల, అది దంపతుల ఉమ్మడి ఆస్తి కాదనియు, కష్టకాలములో భర్త దానిని వాడుకొన్నను దానినో దాని విలువనో భార్యకు తిరిగి యిచ్చు నైతిక బాధ్యత అతనిపై నున్నదనియు చెప్పినది. స్మృతి విడిచిపెట్టిన ఋణమును నేటి న్యాయము గుర్తుచేసినది. ధర్మము కాలముతోపాటు ఇంకను సూక్ష్మముగా తూచగలదనుటకు ఇది నిదర్శనము.

కావున ఆ రైతు భార్యను ఆజ్ఞాపించుట కాదు, అర్థించుట ధర్మము. ఆమె యిచ్చినదానిని ఇంటి పుస్తకములో ఆమె పేర అప్పుగా వ్రాసికొనుట ధర్మము. "పని మీద పోయింది" అను అత్తగారి మాట నిజము కావలెనన్న, పోయినది తిరిగివచ్చుటకు ఎవరో ఒకరు బాధ్యులై యుండవలెను.

అమ్ముట, కొనుట

కుదువబెట్టుటయా, అమ్ముటయా యన్నది తరువాతి ప్రశ్న. పంట చేతికివచ్చినపుడు విడిపించుకొనగల నమ్మకమున్నచో బ్యాంకులో కుదువబెట్టుట ఉచితము. విడిపించుట సాధ్యము కాదని మనస్సునకు తెలిసియు, నలుగురిలో నగుబాటని జంకి, అమ్మక కుదువబెట్టి వడ్డీ పెంచుకొని తుదకు వేలమునకు వదలుట తనకు తాను చెప్పుకొన్న అసత్యము. అట్టిచోట నేరుగా అమ్ముటయే సత్యమార్గము. అందులో అమంగళమేమియు లేదు.

అమ్మువారు లెక్క తెలిసి వెళ్ళవలెను. 40 గ్రాముల హారములో రాళ్ళు, లక్క కలిసి 4 గ్రాములున్నచో నికరము 36 గ్రాములు. అది 22 క్యారెట్లదైనచో అందులోని మేలిమి 33 గ్రాములు. 20 క్యారెట్లు మాత్రమే యని తేలినచో 30 గ్రాములు. రెండు క్యారెట్ల మాటలో మూడు గ్రాముల మేలిమి దాగియున్నది. చేయించిన నాటి మజూరి, తరుగు తిరిగిరావు. అవి ధరించిన ఆనందమునకు చెల్లించిన మూల్యము. కంటి యెదుట తూచుట, కంటి యెదుట వన్నె పరీక్షించుట, ఆనాటి ధరను, తీసివేతలను కాగితముపై వ్రాయించుట, వీలైనచో రెండు మూడు దుకాణములలో విచారించుట, ఇవి వర్తకునిపై అనుమానము కాదు. నిజాయతీగల వర్తకుడు వీనినే కోరును.

కౌటిల్యుని అర్థశాస్త్రము స్వర్ణకారులలోని వంచకులు అనుసరించు మార్గములను ఐదుగా లెక్కించినది. వానిలో తొలిది దొంగతక్కెడ. లోహము మార్చుట, పైపూత పూయుట వంటివి తక్కినవి. ఆ గ్రంథములోనే ఐదు గురువిందలు ఒక మాషమనియు, పదునారు మాషములు ఒక సువర్ణమనియు తూకము కలదు. మన సామెత చిత్రమైనది: గురువింద గింజ తన క్రింది నలుపు నెరుగదట. యుగములుగా బంగారమును తూచిన గింజకే ఆ మాట తగిలినది. తూచు చేయి తన్ను తాను ఎన్నడైన తూచుకొన్నదా యని ఆ సామెత అడుగుచున్నది.

పండుగకు నగ కొనవచ్చినవానికన్న, కష్టములో నగ అమ్మవచ్చినవాని యెదుట వర్తకుని ధర్మము ఎక్కువగా పరీక్షింపబడును. కొనువాడు వేరొక దుకాణమునకు పోగలడు. ఆసుపత్రిలో మనిషిని ఉంచి వచ్చినవాడు పోలేడు. అతని తొందరను ధరలో తగ్గించుకొన్న వర్తకుని పెట్టెలో చేరినది బంగారమే. దానితోపాటు కలి కూడ చేరినాడు. ఎదుటివాని కన్నీరు చూచియు న్యాయమైన ధర నిచ్చిన వర్తకుని దుకాణములో గోడమీది లక్ష్మీపటము నిజముగా పూజ లందుకొన్నట్లు.

ఈ ధర్మము అమ్మువానికిని వర్తించును. యార్డులో తన పసుపు తూకమున కోత పడినదని వగచిన రైతు, అతుకులున్న నగను అతుకులు లేనిదని చెప్పరాదు. కొమ్ములలో తేమ దాచి అమ్మినవాడు, నగలో లక్క దాచిన ఔసలిని నిందించుటకు తగడు. తక్కెడకు ఈవల నున్నను ఆవల నున్నను సత్యము ఒక్కటే.

స్వామికి సమర్పించునపుడు

భక్తులలో మరియొక సందేహము గలదు. స్వామికి బంగారము మ్రొక్కుకొంటిమి, ఇంట అప్పులున్నవి. ఏది ముందు?

భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న చరిత్ర ఈ సందేహమునకు వెలుగు చూపును. పదునేడవ శతాబ్దిలో తానీషా పాలనలో పాల్వంచ తహసీలుదారుగా నుండి, రాజ్యమునకు చేరవలసిన శిస్తు సొమ్మును రాముని ఆలయమునకు, సీతారామ లక్ష్మణుల ఆభరణములకు వినియోగించి, గోల్కొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని ఐతిహ్యము. ఎవరికి ఏ నగ చేయించితినో, దానికెంత పట్టినదో లెక్క చెప్పుచు ఆయన రాముని నిలదీసి పాడినాడు. ఆ వెంటనే తన మాటలకు తానే నొచ్చుకొని క్షమ వేడినాడు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి ఆయనను విడిపించిరని భక్తలోకము నమ్మును.

ఈ కథలో రామదాసు భక్తిని కొనియాడుట సులభము. రాముడు చేసిన పనిని గమనించుట అవసరము. "నా నగలకొరకే గదా" యని ఆయన బాకీని త్రోసివేయలేదు. పూర్తిగా చెల్లించినాడు, రసీదు తెచ్చినాడు. పరుల సొమ్ముతో జరిగిన అలంకారమును భగవంతుడు ఋణముగానే పరిగణించినాడు. కనుక పాలేరు కూలి నిలిపి, అప్పులవాని బాకీ ఎగగొట్టి, భార్య స్త్రీధనమును ఆమె కిష్టము లేకుండ తీసి హుండీలో వేసిన బంగారము మ్రొక్కు చెల్లించినట్లు కాదు. న్యాయార్జితమైనది గ్రామైనను స్వామికి భూషణమే. అదియు లేనినాడు తులసీదళము ఉండనే యున్నది.

ముగింపు

బంగారములో కలి యెప్పుడుండును? వన్నెలో అసత్యము, ధారణలో మదము, పరుల నగపై కామము, కూడబెట్టుటలో రజోగుణము, పంపకములో వైరము ఉన్నపుడు. ఈ ఐదును తొలగిన బంగారములో కలికి చోటు లేదు. అప్పుడది తల్లి వన్నె మాత్రమే. అది బీరువాలో నున్నను, బ్యాంకులో నున్నను, అమ్ముడుపోయి పొలములో విత్తనముగా మారినను ఆ వన్నె చెడదు. రోగికి ఔషధముగా, పొలమునకు విత్తనముగా, బిడ్డకు చదువుగా మారుటకే ఆ తల్లి ఆ ఇంట బంగారమై యుండి యుండవచ్చును.

ఆర్మూరు ప్రాంతపు ఆ ఇల్లాలు పసుపుకొమ్ము కట్టుకొని పొలమునకు పోవును. మెడలోనిది పసుపు, చేతిలో నాటుచున్నది పసుపు. ఫాల్గుణములో పంట యార్డునకు చేరి, తూకము న్యాయముగా సాగి, ధర నిలిచినచో భర్త ఆమె పేర వ్రాసికొన్న అప్పును తీర్చును. ధర నిలువని యేడు ఆమె మెడలో పసుపుకొమ్మే యుండును. పుస్తకములోని అప్పు మాత్రము చెరగదు. ఆ కొమ్మునకు ఆమె ప్రతి ఉదయము పసుపు కుంకుమలద్ది కన్నుల కద్దుకొనునపుడు ఆ ఇంట లక్ష్మి నిలిచియే యున్నది.

తూచువారికి సత్యమును, దాచువారికి వినయమును, అమ్ముకొనువారికి ధైర్యమును శ్రియఃపతి అనుగ్రహించుగాక!